కత్తి పట్టిన కారు దొంగ: ఒక పాత సినిమా ఆచూకీ తీసిన వైనం

పేరు మరిచిపోయిన సినిమాల ఆచూకీ తీయడం చాలాకాలంగా నేను చేస్తున్న పని. ఫిల్మ్ సొసైటీల్లో తిరిగిన రోజుల్లో మొదలైంది, పాత సినిమాల జాబితాలు తయారుచేసే ఉద్యోగంలో స్థిరపడింది. నా దగ్గరికి వచ్చే వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. చిన్నప్పుడో కాలేజీ రోజుల్లోనో చూసిన సినిమా, ఒకటి రెండు దృశ్యాలు మాత్రమే గుర్తున్న సినిమా, మళ్లీ ఒక్కసారి చూడాలని అడుగుతారు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో అడిగినావిడ చెప్పిన మాటల్లో దాదాపు ప్రతిదీ నిజమే, అయినా వాటన్నిటికీ సరిపోయే సినిమా లోకంలో ఎక్కడా లేదు.

అడిగినావిడ విజయవాడలో చదువుకుని, ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను:

"పాత సినిమా బాబూ, నలుపు తెలుపు. ఒకాయన కార్లు దొంగిలిస్తాడు. కానీ చెడ్డవాడు కాదు. పోలీసాయనకూ అతనికీ మంచి స్నేహం. చివర్లో కోర్టులో అందరూ అతని పక్షాన మాట్లాడతారు, జడ్జి వదిలేస్తాడు. అతను నల్ల బట్టలు వేసుకుని, కత్తి పట్టుకుని, సముద్రం పక్కన పెద్ద కోటలో నిలబడటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కారు మన అంబాసిడర్ లాంటిదే, ఇంకొంచెం పెద్దది. లేత నీలం రంగు."

నలుపు తెలుపు సినిమాలో లేత నీలం కారేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది కానీ పైకి అనలేదు. ఈ పనిలో మొదటి రోజున సాక్షిని సరిదిద్దకూడదు. "రంగు ఎలా తెలిసిందండీ?" అని అడిగితే మనసు వెంటనే ఒక సమాధానం తయారుచేసి ఇస్తుంది, తర్వాత అది కూడా జ్ఞాపకంలో భాగమైపోతుంది.

ఈ జాగ్రత్తకు గట్టి ఆధారం ఉంది. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదం ఉన్న చిన్న ఫిల్ము చూపించారు. కార్లు 'గుద్దుకున్నప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని కొందరిని, 'నుజ్జునుజ్జుగా ఢీకొన్నప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని మరికొందరిని అడిగారు. వారం తర్వాత అందరినీ పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. అయినా తీవ్రమైన మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్న 50 మందిలో 7గురే అలా అన్నారు. తేడా అంతా ప్రశ్నలోని ఒక్క క్రియాపదం తెచ్చింది. అందుకే నేను "రష్యన్ సినిమా కాదు కదా?" అనో, "హీరో ఫ్రెంచి నటుడు బెల్మాండోలా ఉంటాడా?" అనో ఎప్పుడూ అడగను. "ఇంకా ఏమి గుర్తుంది?" అన్నదొక్కటే నా ప్రశ్న. కొంచెం ఆగి మళ్లీ అదే ప్రశ్న.

ఆమె విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆ కథను ఆమె ఏళ్ల తరబడి తరగతిలో పిల్లలకు చెబుతూ వచ్చారు. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త నున్నబడుతుంది, వినేవాళ్లకు తెలిసిన వస్తువులు అందులోకి వచ్చి చేరతాయి. కేంబ్రిడ్జ్‌లో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో అచ్చయిన తన పుస్తకంలో దీన్నే చూపించారు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చి మళ్లీ చెప్పమంటే, చెట్టు దోనెలు మామూలు పడవలైపోయాయి, సీల్ వేట చేపల వేటైపోయింది. కాబట్టి 'అంబాసిడర్ లాంటిది' అన్న మాట పిల్లల కోసం వచ్చి చేరిందో, తెర మీద చూసిందో తేల్చుకోవాలి. 'జడ్జి వదిలేస్తాడు' అన్నదాన్ని అంతకంటే ఎక్కువగా అనుమానించాలి. పిల్లలకు చెప్పే కథలో మంచివాడు జైలుకు వెళ్లడం ఏ టీచరుకైనా ఇబ్బందే.

ఇక వెతుకులాట. అందరూ చేసే పని 'దొంగిలించిన కారు' అని వెతకడం. అలా వెతికితే మొదట ఎదురయ్యేది 1974 నాటి అమెరికన్ చిత్రం 'గాన్ ఇన్ 60 సెకండ్స్'. ఎచ్.బి. హాలికీ రాసి, తీసి, నటించిన సినిమా. 40 నిమిషాల కార్ల ఛేజింగ్, 93 కార్లు తుక్కు. రంగుల చిత్రం, కోర్టూ లేదు, కోటా లేదు. పక్కన పెట్టాను. ఫ్రెంచి దర్శకుడు గొడార్ 1960లో తీసిన 'బ్రెత్‌లెస్' మార్సేయ్‌లో కారు దొంగతనంతోనే మొదలవుతుంది, నలుపు తెలుపే, కానీ అందులో పోలీసుతో స్నేహం కాదు, పోలీసు హత్య. మరో ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ 1958లో తీసిన 'ఎలివేటర్ టు ద గాలోస్'లో కథానాయకుడు లిఫ్టులో ఇరుక్కుంటే అతని కారును ఒక కుర్ర జంట ఎత్తుకుపోతుంది. అక్కడ దొంగ హీరో కాదు. అదే 1958లో మన ఋత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్'లో పాత కారు మీద పిచ్చి ప్రేమ ఉంది కానీ దొంగతనం లేదు.

కథాంశాన్ని పట్టుకుని వెతికితే ఎందుకు దొరకదో ఇక్కడే తెలుస్తుంది. కారు పోవడం అనేది సినిమా పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి దేశంలోనూ వాడుతున్న సరుకు. దేన్ని చెబితే సినిమా చెప్పేసినట్టే అని మనం అనుకుంటామో, అది వెతకడానికి అన్నిటికంటే పనికిరాని ముక్క. కథతో సంబంధం లేనట్టు కనిపించే విషయాన్ని పట్టుకోవాలి. అడిగేవాళ్లు వాటిని సిగ్గుపడుతూ, "అది అంత ముఖ్యం కాదులెండి" అంటూ చెబుతారు.

రెండోసారి కలిసినప్పుడు అలాంటివే వచ్చాయి. ఒకటి, కథానాయకుడి ప్రియురాలు బస్సు నడుపుతుంది. "బస్సు నెత్తిన రెండు కర్రలు, తీగలకు తగిలి ఉంటాయి. ఆడమనిషి బస్సు నడపడం నేను అదే మొదటిసారి చూడటం." రెండు, ఒక ముసలావిడ, పోలీసాయన కలిసి కూర్చుని పాట పాడతారు. మూడు, కారు షెడ్డులో దొంగ కోసం ఇనుప ఉచ్చు పెడతారు. నాలుగోది సంగీతం. పాట గుర్తులేదు కానీ బాణీ గుర్తుందన్నారు. పాడి వినిపించండి అని నేను అడగలేదు. ఆమే బల్ల మీద వేళ్లతో వేసి చూపించారు: తకిట, తకిట, తకిట. తిస్రగతి. మొదటి దెబ్బ బరువుగా, తర్వాతి రెండూ తేలికగా. అది వాల్ట్జ్ అనే పాశ్చాత్య నృత్య సంగీతపు నడక.

చూసిన చోటు గురించి మాత్రం నేనే అడిగాను, ఎందుకంటే అది సినిమా లోపలి విషయం కాదు. థియేటరు కాదట, ఒక హాల్లో కుర్చీలు వేసి చూపించారట. మధ్యలో రెండుసార్లు లైట్లు వేశారట. ఇది నాకు బాగా పనికొచ్చింది. ఒకే ప్రొజెక్టరుతో 16 మిల్లీమీటర్ల ప్రింటు ఆడించేటప్పుడు రీలు అయిపోయినప్పుడల్లా ఆపి మార్చాలి. 16 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. 1200 అడుగుల రీలు అరగంట పైచిలుకు వస్తుంది. రెండుసార్లు ఆగిందంటే మూడు రీళ్లు, అంటే ఇంచుమించు గంటన్నర సినిమా. పైగా ఆ రోజుల్లో మన ఊళ్లలో అలా హాళ్లలో 16 మిల్లీమీటర్ల ప్రింట్లు చూపించింది ఎక్కువగా ఫిల్మ్ సొసైటీలు, విదేశీ సాంస్కృతిక కేంద్రాలు, ఇస్కస్ (ఇండో-సోవియట్ సాంస్కృతిక సంఘం) లాంటి మైత్రీ సంఘాలు. హిందీ సినిమా అయ్యే అవకాశం అక్కడితో చాలావరకు తగ్గింది.

బస్సు సంగతి తేల్చాలి. నెత్తిన కర్రలున్న బస్సు ట్రాలీ బస్సు. మన దేశంలో అది లేకపోలేదు, బొంబాయిలో 1962 నుంచి 1971 దాకా నడిచింది. కాబట్టి అదొక్కటే చూసి దేశం తేల్చలేం. అందుకే కారు నడిపే మనిషి ఎటువైపు కూర్చున్నాడో బొమ్మ గీయమన్నాను. ఏ వైపు అని నేను అనలేదు, కాగితం, పెన్సిలు ఇచ్చానంతే. ఆమె రోడ్డు గీశారు, కారు గీశారు, మనిషిని ఎడమ పక్క కూర్చోబెట్టారు. మనకు అలవాటైన కుడి పక్క కాదు. పిల్లలకు కథ చెబుతూ మార్చుకున్నదైతే అది కుడికే వచ్చి ఉండేది. అలవాటుకు విరుద్ధంగా నిలిచిన జ్ఞాపకం మీద నాకు నమ్మకం ఎక్కువ. దాంతో ఇంగ్లండ్, ఇండియా, జపాన్ జాబితాలోంచి పోయాయి.

ఎడమ స్టీరింగు, ఆడమనిషి నడిపే ట్రాలీ బస్సు, గంటన్నర నిడివి, మైత్రీ సంఘం ప్రదర్శన, పోలీసు, ముసలావిడల పాట. ఇవన్నీ కలిపి చూస్తే సోవియట్ చిత్రం అని చాలా బలంగా అనిపించింది. మాస్కోలో 1933లో మొదలైన ట్రాలీ బస్సు 2020 దాకా నడిచింది, అక్కడ వాటిని ఆడవాళ్లు నడపడం మామూలు విషయం. అంబాసిడర్ కంటే కొంచెం పెద్ద కారు అంటే గోర్కీ కర్మాగారంలో 1956 నుంచి 1970 దాకా తయారైన వోల్గా, గాజ్-21. గుండ్రటి భుజాలు, వెడల్పాటి నోరు, రెంటికీ పోలిక ఉంది.

సోవియట్ సినిమాల్లో వోల్గా కార్లు దొంగిలించే మంచివాడు అనగానే ఒకే పేరు వస్తుంది: ఎల్దార్ ర్యజానోవ్ 1966లో మాస్‌ఫిల్మ్ స్టూడియోకు తీసిన 'బెరెగీస్ అవ్తొమొబీల్యా'. కారొస్తోంది జాగ్రత్త అని అర్థం. బయటి దేశాల్లో అది 'బివేర్ ఆఫ్ ద కార్' అనీ, 'అన్‌కామన్ థీఫ్' అనీ రకరకాల పేర్లతో తిరిగింది. ఒకే సినిమాకు ఇన్ని పేర్లుండటం కూడా జనానికి దొరక్కపోవడానికి ఒక కారణం.

కథ ఇది. యూరీ దేతొచ్కిన్ ఇన్సూరెన్సు ఏజెంటు. లంచాలతో, దొంగవ్యాపారంతో సంపాదించిన వాళ్ల కార్లను మాత్రమే దొంగిలించి, అమ్మి, ఆ డబ్బు అనాథాశ్రమాలకు పంపిస్తుంటాడు. కేసు వెతికే పరిశోధకుడు పొద్బెర్యోజొవికొవ్‌తో అతనికి స్నేహం. ఆ స్నేహం ఎలా వచ్చిందంటే, ఇద్దరూ ఒకే ఔత్సాహిక నాటక బృందంలో నటులు. వాళ్లు వేయబోయే నాటకం షేక్‌స్పియర్ 'హామ్లెట్'. దొంగ హామ్లెట్, పోలీసు లేయర్టిస్. దొంగ ప్రియురాలు ల్యూబా ట్రాలీ బస్సు డ్రైవరు. పోలీసు దొంగ తల్లి ఇంటికి వెళ్లినప్పుడు ఆమెతో కలిసి పాత విప్లవ గీతం పాడతాడు. కార్ల షెడ్డులో ఉచ్చు పెట్టేది దుకాణంలో చాటుమాటు వ్యాపారం చేసే సెమిత్స్వెతొవ్, యువకుడైన ఆంద్రేయ్ మిరోనొవ్ వేసిన పాత్ర. ఆంద్రేయ్ పెత్రోవ్ కూర్చిన వాల్ట్జ్ సినిమా అంతా వెంటాడుతుంది.

ఇంతవరకూ బాగానే కలిసింది. కత్తి కూడా కలిసింది, నాటకంలో హామ్లెట్, లేయర్టిస్ కత్తియుద్ధం ఉంది కదా. కానీ సముద్రం పక్కన కోట? ఆమె అన్నిటికంటే గట్టిగా చెప్పిన దృశ్యం అదే. ఈ సినిమాలో కోట లేదు. ఔత్సాహిక బృందం రంగస్థలం మీద అలలు కొట్టే సముద్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇలాంటి చోట తొందరపడి "అది మీ ఊహ లెండి" అనేయడం ఈ వృత్తిలో పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. అంత స్పష్టంగా ఉన్న దృశ్యం ఎక్కడో చూసిందే అయి ఉంటుంది. దారి చూపింది నటుడి పేరు. దేతొచ్కిన్‌గా వేసింది ఇన్నొకెంతి స్మొక్తునొవ్‌స్కీ. రెండేళ్ల ముందు, 1964లో, గ్రిగొరి కోజింత్సెవ్ లెన్‌ఫిల్మ్ స్టూడియోకు తీసిన 'హామ్లెట్'లో హామ్లెట్ ఆయనే. కవి పాస్టర్‌నాక్ అనువాదం, స్వరకర్త షొస్తకోవిచ్ సంగీతం. అదీ నలుపు తెలుపే. రాతికోట, దాని కింద సముద్రపు అలలు, నల్ల దుస్తుల్లో ఆ మనిషి. సోవియట్ ప్రేక్షకులు 1966లో కారు దొంగ హామ్లెట్ వేషం కట్టడం చూసి ఎందుకు అంత ఆనందించారో దీన్నిబట్టి తెలుస్తుంది. దేశమంతా హామ్లెట్ అని మెచ్చుకున్న నటుడే ఇప్పుడు ఇన్సూరెన్సు ఏజెంటుగా వచ్చి, బెరుకుబెరుకుగా అదే పాత్ర వేస్తున్నాడు.

ఆమె మనసు కూడా ఆ దారినే నడిచింది. రెండు సినిమాలు, రెండింటిలో ఒకే ముఖం, ఒకే పాత్ర, చేతిలో ఒకే కత్తి. ఆ ముఖం వంతెనగా రెండూ కలిసిపోయాయి. ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, రెండు నిజాలున్నాయి.

అయితే ఇది ఇంకా నా ఊహే. రుజువు చేయాలి. నటుడి ఫొటో ఆమెకు చూపించి "ఇతనేనా?" అని అడగడం తేలికే కానీ దానితో ఏమీ తేలదు. హామ్లెట్ ఒక్కటే చూసి ఉన్నా ఆ ముఖాన్ని ఆమె గుర్తుపడతారు. కాబట్టి హామ్లెట్‌లో లేనివి, కారు సినిమాలో మాత్రమే ఉన్నవి పరీక్షకు పెట్టాలి. పోలీసు గుర్తింపు పరేడ్‌లో నిందితుణ్ణి పోలికలున్న ఇతరుల మధ్య నిలబెడతారు, చూపించే అధికారికి కూడా నిందితుడెవరో తెలియకపోతే మరీ మంచిది. నేనూ అదే పద్ధతి పాటించాను. ఆ కాలపు రకరకాల యూరప్ సినిమాల్లోని స్త్రీల ముఖాలు, అన్నీ నలుపు తెలుపువి, అన్నీ ఒకే సైజువి, ఒక కవరులో పెట్టాను. వాటిలో ల్యూబాగా వేసిన ఓల్గా ఆరొసెవా ఒకరు. కొన్ని వాల్ట్జ్ బాణీలు పేర్లు లేకుండా ఫోనులో ఎక్కించాను. రెండూ ఆమెకు చూపించే పని ఈ కేసు సంగతేమీ తెలియని మా మిత్రుడికి అప్పగించి, నేను పక్క గదిలో కూర్చున్నాను.

ముఖాల దగ్గర ఆమె తడబడ్డారు. ఆరొసెవాను ఎంచి పెట్టారు, ఇంకొకరిని కూడా ఎంచి పెట్టారు, ఏదీ ఖాయంగా చెప్పలేనన్నారు. ముఖాల పరీక్ష ఫలితం 'తేలలేదు' అనే రాసుకున్నాను. బాణీల దగ్గర అలా జరగలేదు. పెత్రోవ్ వాల్ట్జ్ మొదలైన కాసేపటికే, మిత్రుడు ఏమీ అనకముందే, ఆమె చేత్తో ఆపమని సైగ చేశారట. "ఇదే. ఇది వస్తుంటే అతను రాత్రిపూట కారు దగ్గరికి వెళతాడు" అన్నారు. వాల్ట్జ్ వినిపించడంలో రాత్రి అన్న మాటకు చోటే లేదు, ఆ మాట ఆమె సొంతంగా తెచ్చుకున్నది. ఇలా అడగకుండా వచ్చిన కొత్త వివరం నా లెక్కలో 'అవును' అన్న సమాధానం కంటే ఎంతో బలమైనది. ఆ తర్వాతే సినిమా పేరు చెప్పాను.

సినిమా ఆమె ఇంట్లోనే, ఆమెతో కలిసి చూశాను. ట్రాలీ బస్సు వచ్చినప్పుడు ఆమె కుర్చీలో ముందుకు వంగారు. తల్లి, పోలీసు పాట పాడేటప్పుడు నవ్వుతూ నావైపు చూశారు, అది నిజంగా ఉందా అని నాకు అనుమానం ఉండి ఉంటుందని ఆమెకు తెలుసు. కోర్టు దృశ్యం ఆమె చెప్పినట్టే ఉంది, సాక్షులు ఒకరి తర్వాత ఒకరు అతని పక్షాన మాట్లాడతారు. కానీ అతన్ని వదిలేయరు. శిక్ష అనుభవించి వస్తాడు. వచ్చి ట్రాలీ బస్సు నడుపుతున్న ల్యూబాకు 'నేను తిరిగొచ్చాను' అని చెబుతాడు. అది చూసి టీచరు గారు చాలాసేపు ఆలోచించి, "జైలుకు వెళ్లి రావడమే సబబు బాబూ. దొంగతనం దొంగతనమే కదా. పిల్లలకు నేను తప్పు చెప్పాను" అన్నారు. నాకు అలా అనిపించలేదని చెప్పాను. ఆ కోర్టు దృశ్యం అంతా ప్రేక్షకుడు అతణ్ణి వదిలేయమని కోరుకునేలా తీసిందే. ఆ కోరిక ఆమెలో అంత గట్టిగా మిగిలిందంటే ర్యజానోవ్ అనుకున్నది జరిగినట్టే.

మరుసటి వారం 'హామ్లెట్' కూడా చూశాం. మొదటి అలలు కనిపించగానే ఆమె కోటను గుర్తుపట్టారు.

కేసు కాగితం మీద ఇప్పుడు ఆమె చెప్పిన ప్రతి వాక్యం ఎదుట ఒక గడి ఉంది. కారు దొంగ, స్నేహితుడైన పోలీసు, ట్రాలీ బస్సు, ఉచ్చు, పాట, బాణీ మొదటి సినిమావి. కోట, సముద్రం రెండోదానివి. నల్ల బట్టలు, కత్తి రెండింటివీ. జడ్జి వదిలేయడం తరగతి గదిది. లేత నీలం రంగు ఎదుట మాత్రం గడి ఖాళీగా ఉంది. వోల్గా కారు రంగు బొమ్మ ఆమె ఏదైనా సోవియట్ పత్రికలో చూసి ఉండొచ్చు, ఆ రోజుల్లో 'సోవియట్ భూమి' తెలుగులోనే వచ్చేది, వాళ్ల ఇంటికీ వచ్చేదట. పాత సంచికలు ఉన్న గ్రంథాలయంలో ఆ కాలపు బైండ్లు అడిగి పెట్టాను. వోల్గా బొమ్మ, అదీ నీలం రంగుది, దొరికితే ఆ గడి నింపుతాను.